మా యింటి తుపాకి

పూర్వుల గొప్ప చెప్పుకొనుటలో మనవారు ఏ దేశమువారికిని తీసిపోరు. ఒక యింటివారు తమ ముత్తాత నవాబుగారి కొలువులో రౌతని చెప్పుదురు. వేఱొక యింటివారు తమ తోటలోని బావిని కృష్ణదేవరాయలే త్రవ్వించెనందురు. సాక్ష్యమేమని యడిగినచో, అడుగుటయే అమర్యాద యని కోపింతురు. ఇట్టి మాటలవలన నెవ్వరికి నేమి నష్టమని కొందఱు మిత్రులు మమ్ము ప్రశ్నించిరి. నష్టము కలదని మేము మా యింటనే తెలిసికొంటిమి గనుక, ఆ వృత్తాంతమును చదువరులకు విన్నవించుచున్నాము.

మా స్వగ్రామము కుందూనది యొడ్డున, కర్నూలు సీమయు కడప సీమయు కలిసికొను చోట, నల్లరేగడి చేల నడుమ నున్నది. మా యిల్లు మట్టిమిద్దె. నేలకు కడపబండలు పఱచినారు. నడుమింటి గోడకు రెండు కొయ్యలమీద పొడవైన తుపాకి యొకటి మేము పుట్టకముందునుండియు నున్నది. ప్రతి విజయదశమికిని దానిని దించి, నూనెగుడ్డతో తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, టెంకాయ కొట్టుట మా యింటి యాచారము. అప్పుడు మా జేజినాయన పిల్లల నందఱిని చుట్టును కూర్చుండబెట్టుకొని, "ఇది ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి దండులో పేలిన తుపాకి. మన పెద్దలు ఆయన పక్కన నిలబడి దీన్ని కాల్చినారు" అని చెప్పెడివారు. ఆ మాట వినునప్పుడు మా యొడలు పులకరించెడిది.

ఆ మాట మా నడుమింటిలోనే నిలిచిపోయి యుండినచో బాధ లేకపోవును. కాని మా యూరి గంగమ్మ జాతరలో మొదటి తాంబూలము మా వంశమునకే చెందవలెనను వాదమునకు ఈ తుపాకియే దస్తావేజు. ఎగువవీధి వారికిని అట్టి వాదమే కలదు. కొండలలో దాగియున్న నరసింహారెడ్డికి తమ ముత్తవ్వ అన్నము మోసెనని వారి కథ. మా తండ్రిగారి యౌవనమున ఒక జాతరనాడు ఈ తాంబూలము కొఱకు ఇరుపక్షములవారును కట్టెలు పట్టిరి. ఎగువవీధి యువకుడొకనికి కుడిచేయి విఱిగి, మరల సరిగా అతుకుకొనలేదు. అతడు వృద్ధుడై, పెండ్లిపందిళ్ళలో పదిమంది నడుమ సిగ్గుపడుచు ఎడమచేతితో అన్నము తినుట మేము కన్నులార చూచితిమి. రెండు తమలపాకులకును ఒక పోకచెక్కకును అతడిచ్చిన వెల యిది.

2019వ సంవత్సరమున నరసింహారెడ్డిగారి కథ చలనచిత్రముగా వెలువడినది. మా యూరివారు బండ్లు కట్టించుకొని పోయి చూచివచ్చిరి. పిమ్మట మా చిన్నాయన మాకు కబురంపిరి. తుపాకిని అద్దాలపెట్టెలో నుంచి నడవలో నిలుపుదురట; దాని క్రింద పెట్టవలసిన పలకకు మాటలు మేము వ్రాసి యియ్యవలెనట. "నీవు చదువుకొన్నవాడివి. నాలుగు ముక్కలు గట్టిగా రాసియ్యి నాయనా" అనిరి.

మేము కలము పట్టితిమి గాని చేయి సాగలేదు. నరసింహారెడ్డిగారిని గూర్చి నిశ్చయముగా తెలిసిన విషయములు కొఱత లేదు. ఆయన పాళెగాండ్ర వంశమువాడు. 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానాపై పడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన ఆ కోయిలకుంట్లలోనే ప్రజల యెదుట ఆయనను ఉరితీసిరి. తలను కోటగుమ్మమున 1877వ సంవత్సరము వఱకు వ్రేలాడగట్టి యుంచిరి. ఇంత బాధ పడినవాని పేరును మా తాంబూలమునకు సాక్షిగా పిలుచుటకు ముందు, ఆ తుపాకి యేనాటిదో విచారించుట మా ధర్మమని తోచినది.

పాత తుపాకుల జాతులను గుర్తించుట మేమనుకొన్నంత కఠినము కాదు. లోపలి మందునకు వెలుపలి నిప్పు ఏ త్రోవను చేరునో చూచినచో మొదటి మెట్టు తెలియును. అన్నిటికంటె పాతది వత్తితుపాకి. మండుచున్న నూలువత్తిని వంకర కొక్కెమున బిగించి మీట నొక్కగా, ఆ కొక్కెము వంగి గొట్టము ప్రక్కనున్న చిన్న పళ్ళెములోని మందును తాకును. వానపడినచో వత్తి ఆఱిపోవును. చీకటిలో దాని నిప్పు మృగమునకు కనబడును. తరువాతిది చెకుముకి తుపాకి. ఇందు వత్తికి మాఱుగా చెకుముకిరాయి ఉక్కురేకును కొట్టి నిప్పురవ్వలు రాల్చును. మూడవది కేపు తుపాకి. దీనికి ప్రక్కపళ్ళెము లేదు; చిన్న బోలుమొలకపై రాగిటోపీ తొడిగి, దానిపై సుత్తివంటి కొక్కెము పడునట్లు చేసినారు. తాకినంతనే మండెడి మందును తుపాకులలో వాడు పద్ధతికి ఫోర్సైతు అను స్కాట్లండు మతబోధకుడు 1807లో హక్కుపత్రము పొందెను. ఆ పద్ధతి రాగిటోపీగా మాఱి, 1842 నాటి నమూనాతో ఇంగ్లీషు సైన్యమున స్థిరపడినది. ఈ మూడు జాతులలోను మందును గుండును గొట్టము నోటినుండియే గజముతో దట్టింపవలెను. వెనుకనుండి తూటా పెట్టు పద్ధతి ఆ సైన్యమునకు 1866లో స్నైడరు నమూనాతో వచ్చినది.

మా సీమలో ఈ జాతులన్నియు ఒకదానిపై నొకటి పేరుకొన్నవి. 1652లో తావర్నియే అను పరాసు వర్తకుడు గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను చూచినప్పుడు, ఆ కోటలో ఫిరంగులు పోయుటకు ఐరోపావారే కొలువు చేయుచుండిరి. 1800లో నిజాము ఈ జిల్లాలను కుంపిణీకి దత్తము చేసినప్పుడు ఎనుబదిమందివఱకు పాళెగాండ్రు తమతమ బంట్లతో కోటలలో నుండిరి. వారి నణచి, కొందఱికి పింఛను లేర్పఱచుట మన్రో దొరగారి తొలి పనులలో నొకటి. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాను రహస్యముగా ఆయుధములు కూర్చుచున్నాడని కుంపిణీవారు దండెత్తి వచ్చి వెదకగా, అంతఃపురపు తోటలలో సైతము ఫిరంగులు పోయు కొలుములు బయటపడినవి. జోహరాపురము వద్ద జరిగిన పోరులో నవాబు పట్టువడి తిరుచిరాపల్లికి పంపబడెను. మఱుచటి యేడే అచ్చట హత్యకు గుఱియయ్యెను. ఇట్లు మూడు వందల యేండ్లలో ఎన్నో చేతుల పనితనము ఈ యెఱ్ఱమలల, నల్లమలల నడుమ చేరినది. గనుక ఇచ్చటి తుపాకిని చూచి, ఇది ఫలానివారిదని ఒక్క మాటలో తేల్చుట సాహసము. ఈ సంగతి మాకు వెనుక తెలిసినది, ముందు తెలియలేదు.

ఆ యేటి విజయదశమినాడు తుపాకిని దించినప్పుడు మేము కన్నద్దము చేతపట్టి కూర్చుంటిమి. ముందుగా అది కేపు తుపాకియని తెలిసినది. ఇంతమాత్రమున జేజినాయన మాట కాదనుటకు వీలు లేదు. 1846 నాటికి కేపు తుపాకులు లోకములో నున్నవి. పిమ్మట పేల్చుయంత్రపు రేకుపైనున్న నూనెజిడ్డును చింతపండు పులుసుతో తోమగా, ఒక కిరీటమును, దాని దాపున టవరు అను ఇంగ్లీషు అక్షరములును, 1862 అను అంకెలును పైకి తేలినవి. ఇది లండను టవరుముద్ర. 1853 నాటి నమూనాగా ప్రసిద్ధమైన ఎన్‌ఫీల్డు తుపాకులపై ఇట్టి ముద్ర తఱచుగా కానవచ్చును. 1857లో సిపాయిల తిరుగుబాటునకు నిప్పంటించిన కొవ్వుతూటాలు ఆ నమూనావే. కిరీటమును అక్షరములను నకలుచేసి చెక్కువారును కలరని మేము వినియుంటిమి. అయినను నకలు గానిండు, అసలు గానిండు, 1862 అని చెక్కిన రేకు 1847కు ముందు ఉండజాలదు.

మేము లేచి నిలుచుండి, పిల్లలును పెద్దలును వినుచుండగా, "ఇది నరసింహారెడ్డిగారు పోయిన పదునైదేండ్లకు పుట్టిన తుపాకి. మన కథ అబద్ధము" అని ప్రకటించితిమి. చిన్నాయన కొంతసేపు అంకెలవైపు చూచిరి. "చదివించినందుకు ఇదేనా నాయనా? పదిమందిలో తల దించుకొనేటట్లు చేసినావు" అని, తువ్వాలు భుజముపై వేసికొని చేనివైపు వెడలిపోయిరి. ఆనాడు ఆయన అన్నము తినలేదని మాకు మఱునాడు పినతల్లి చెప్పినది. మేమైతే కడుపునిండ భుజించితిమి. ఒక మూఢవిశ్వాసమును కూల్చితిమని మాకు కలిగిన సంతోషమును ఇప్పుడు తలచుకొన్నచో సిగ్గగుచున్నది.

మా తప్పును మాకు తెలిపినవాడు దూరదేశమున నున్న మా బాల్యమిత్రుడు. ఉద్యోగరీత్యా స్వీడను దేశమున స్థిరపడిన అతనికి మేము మా విజయమును గొప్పగా వ్రాసితిమి. అతడిచ్చిన ప్రత్యుత్తరమున మెప్పుకోలు లేదు; తన పొరుగింటి రైతు కథ కలదు. ఆ దేశమున శరత్కాలమువచ్చినచో పల్లెవారందఱును ఎల్క్ అను పెనుదుప్పులను వేటాడుదురట. ఆ రైతు వేటతుపాకి వెనుకభాగపు ఉక్కుచట్రముపై కిరీటమును, ఎస్కిల్‌స్టూనా పట్టణపు కార్ల్ గుస్టాఫ్ కర్మాగారపు ముద్రయు, 1906 అను సంవత్సరమును చెక్కియున్నవి. దానింబట్టి, తన తాత సైనికుడై మోసిన తుపాకి యిదే యని అతడు చెప్పుకొనెడివాడు. ఒకనాడు తుపాకుల మర్మ మెఱిగిన ముదుసలి యొకడు దానిని విప్పి చూచెను. స్వీడను సైన్యపు 1896 నాటి నమూనాకు గొట్టపు లోకొలత ఆఱున్నర మిల్లీమీటరులు. ఈ గొట్టపు కొలత తొమ్మిదిన్నరకు దగ్గఱ. పెద్ద మృగములకై చేయు వేటగొట్టము. దానిపై హుస్క్వార్నావారి ముద్ర వేఱుగా నున్నది. సైన్యపు చట్రమునకు వేటగొట్టమును, వేటకఱ్ఱను కూర్చి, తరువాతి కాలమున కట్టిన తుపాకి యది. 1906 అను సంవత్సరము చట్రమునకే చెల్లును గాని తుపాకికి చెల్లదు.

ఈ హుస్క్వార్నా కర్మాగారము 1689లో రాజుగారి సైన్యమునకు తుపాకులు చేయుటకై మొదలైనది. నేడు ఆ పేరుతో రంపములును తోటపని యంత్రములును లోకమంతట అమ్ముడగుచున్నవి. వారి పాత వేటతుపాకులు పైకి అన్నియు నొకేరీతిగా కనబడినను, లోపలి కీలును బట్టి వేఱుపఱుపవచ్చునని మిత్రుడు వ్రాసెను. 46 అను అంకెగల నమూనా పాత సైనికపు కీలుతో కట్టినది. దాని గడియను మూయునప్పుడు లోపలి సూది బిగియును. 640 అను నమూనా 1898 నాటి జర్మను మౌజరు కీలుతో కట్టినది. దాని గడియను తెఱచునప్పుడే సూది బిగియును. 1640 అను దానికి హుస్క్వార్నావారే మౌజరు కీలును సవరించి తేలికపఱచిరి. "కావున ముద్రను చదివి ఊరకుండకుము, చేతితో ఆడించి చూడుము, విప్పి చూడుము, ఒక్కొక్క భాగమును వేఱువేఱుగా అడుగుము" అని అతడు వ్రాసిన మాట మాకు చెంపపెట్టువలె తగిలినది. మేము ఒక్క రేకును చదివి తుపాకికంతకును తీర్పు చెప్పియుంటిమి.

విప్పుటకు మాకు చేతగాదు. మా యూరి కమ్మరి వేపచెట్టు క్రింద కొలిమి పెట్టుకొని యున్నాడు. ఎనుబదేండ్ల వృద్ధుడు, ఊరంతయు ఆచారి యని పిలుచును. ఆయన మా యింటికి కొడవండ్లు తెచ్చి యిచ్చి పోవుటయే గాని, నడుమింటిలోనికి వచ్చి ఆ తుపాకిని తాకుట మేమెన్నడు నెఱుగము. అన్ని పుస్తకములు తిరుగవేసిన మాకు, ఊరిలో ఇనుమును జీవనముగా గలవానిని అడుగవలెనను తలంపు అంతవఱకును రాలేదు. 1986లో కడపజిల్లాలో కలివికోడి మరల కానవచ్చిన సంగతి చదువరులు వినియుందురు. ఎనుబదేండ్లకు పైగా శాస్త్రజ్ఞుల కంటబడక, నశించినదని తలపబడిన ఆ పిట్టను పట్టి చూపినవారు లంకమల ప్రాంతపు వేటగాండ్రే. తెలిసినవారు ఊరిలోనే యుందురు, అడుగువారే లేరు.

చిన్నాయన అనుమతి నడుగగా, "ఇంకా మిగిలినదేముంది? విప్పించుకో" అనిరి. తుపాకిని కొలిమి వద్దకు కొనిపోయితిమి. ఆచారిగారు దానిని రెండు చేతులతో నందుకొని, గొట్టమును కఱ్ఱకు బిగించిన అడ్డుమేకులపై వ్రేలుపెట్టి రాచి, "ఈ మేకులు మా ఇంటి మేకుల మాదిరే ఉన్నాయి సామీ" అనెను. మేము నమ్మలేదు. ఆయన తొందరపడక, నువ్వులనూనె పోసి, కఱ్ఱసుత్తితో మెల్లగా తట్టి, ఒక్కొక్క మేకును వెలికి తీసెను. గొట్టము ఊడివచ్చినది.

గొట్టపు వెనుకభాగము ఎనిమిది పలకలు. ముందు భాగము గుండ్రన. కుడిప్రక్కన చిన్న రంధ్రము, దానిని రాగిచీలతో మూసినారు. దాని క్రింద ఏదియో అతికి, పిమ్మట ఆకురాయితో రాచివేసిన చారిక. ఆచారిగారు ఆ చారికను చూపి, "ఇక్కడ పళ్ళెముండేది. ఇది వత్తితుపాకి గొట్టము. టోపీ పెట్టేదానికి తరువాత మార్చినారు" అనెను. అనగా గొట్టము పేల్చుయంత్రమునకంటె పాతజాతిది. ఇంక గొట్టము పడుకొను కఱ్ఱగాడిలో చూడగా, ఉలితో చెక్కిన తెలుగు అక్షరములు: రక్తాక్షి. దాని ప్రక్కన పట్టకారు బొమ్మ. వృద్ధుడు మాటలాడక లేచి, తన దాగలిమీది మసిని అరచేతితో తుడిచెను. అదే పట్టకారు బొమ్మ దానిపైనను కలదు. "మా తాతకు తాత పెట్టిన గుర్తు సామీ ఇది" అనెను. ఆయన గొంతు వణకినది.

రక్తాక్షి సంవత్సరము అఱువదేండ్ల కొకమాఱు వచ్చును. 1862 అను రేకు తగిలించిన తుపాకికి 1804 నాటి రక్తాక్షి పొసగదు. 1924 నాటిదియు కాదు. 1910లో పుట్టిన మా జేజినాయన తమ పసితనముననే దీనిని గోడపై చూచినట్లు చెప్పెడివారు. మిగిలినది 1864-65. అప్పటికి పాతదైన వత్తితుపాకి గొట్టమును, సైన్యపుముద్ర గల యంత్రమును, తాను చెక్కిన తుమ్మకఱ్ఱను కూర్చి, మా యూరి కమ్మరి మా పూర్వునికి దీనిని కట్టి యిచ్చెను. ఎందుకొఱకో చెప్పుటకు శోధన యక్కఱలేదు. కొఱ్ఱచేలపైకి జింకలును, జొన్నచేలపైకి అడవిపందులును రాత్రులందు గుంపులుగా వచ్చు సీమ మాది. మంచెపై కాపున్న రైతునకు ఇట్టి తుపాకియే అండ. నేటి ఆయుధచట్టము 1959 నాటిది; అదియు పంట కాపుదలకై నోట మందు దట్టించు తుపాకికి ప్రత్యేకముగా అనుమతి చెప్పుచున్నది. మా తుపాకి గొట్టమైతే వెనుకభాగమున చీలి, తుప్పుతిని, బాగుచేసినను పేలుటకు పనికిరానిది గనుక, ఆ చట్టము దానిజోలికి రాదు. వేటయు 1972 నాటి చట్టముతో నిలిచిపోయినది. జింకలకును బట్టమేకపిట్టకును 1988లో రోళ్ళపాడున అభయారణ్య మేర్పడినది. మా తుపాకి మౌనముగా నుండుటయే అందఱికిని మేలు.

ఆ రాత్రి మేము చిన్నాయన మంచము ప్రక్కన కూర్చుండి, కనుగొన్నదంతయు చెప్పితిమి. ఈ మాఱు మేము ప్రకటింపలేదు. ముందుగా మా తప్పు నొప్పుకొంటిమి. గొట్టము 1846 నాటికే యుండియుండవచ్చు ననియు, అది యెవరి చేతిలో నుండెనో చెప్పు గుఱుతు దానిపై లేదనియు, తుపాకిగా నిది రక్తాక్షిలో పుట్టిన దనియు చెప్పితిమి. ఆయన చాలసేపు పలుకక, "అయితే మా నాయన అబద్ధమాడినాడా?" అని అడిగిరి. మాకు గొంతు పట్టుకొనినది. ఆ ప్రశ్నయే మొదటి దినమున ఆయనను అన్నమునకు దూరము చేసినదని అప్పుడు గ్రహించితిమి. ఆయనకు కావలసినది తాంబూలము కాదు, తండ్రి మాట. "లేదు చిన్నాయనా. తాను విన్నది చెప్పినాడు. మేమును ఇన్నాళ్ళు అదే చెప్పితిమి" అని బదులు చెప్పితిమి.

పలకకు మేము వ్రాసి యిచ్చిన మాట లివి: "ఈ తుపాకి గొట్టము పాత వత్తితుపాకిది. పేల్చుయంత్రముపై 1862 అను సంవత్సరము కలదు. ఈ రెంటిని కూర్చి, రక్తాక్షి సంవత్సరమున, అనగా 1864-65లో, మన యూరి కమ్మరి దీనిని కట్టెను. ఇది పంటచేలను కాపాడినది. నరసింహారెడ్డిగారి దండులో నుండెననుటకు ఆధారము లేదు." చివరి వాక్యమును తీసివేయుమని బంధువులు పలువురు కోరిరి. దానిని తీసివేసినచో మిగిలినవి కూడ వలదని మేమంటిమి. ఆ పలక రెండేండ్లు చెక్కక పడియుండెను.

మూడవయేట విజయదశమికి మేము ఊరికి పోగా, అద్దాలపెట్టె నడవలో నున్నది. దాని క్రింద మా మాటలు ఐదు వాక్యములును చెక్కియున్నవి. ఎవరు చెక్కించిరని మేమడుగలేదు; చిన్నాయన చెప్పలేదు. ఆచారిగారిని నడుమింటికి పిలిపించి, కుంకుమ ఆయన చేతనే పెట్టించిరి. జాతరలో మొదటి తాంబూల మిప్పటికిని మా వంశమువారే తీసికొనుచున్నారు. ఎగువవీధివారి వాదమును ఇప్పటికిని తీఱలేదు. కాని మా యింటి పిల్లలు ఆ వాదములో తుపాకి పేరెత్తుట మానినారు. ఎగువవీధి పిల్లలు ఆ పలకను చదువుటకు మా నడవలోనికి వచ్చి పోవుచున్నారు. మొన్న వచ్చిన వారిలో నొక బాలుడు, ఆ విఱిగిన చేతివాని మనుమడు, రక్తాక్షి యనగా నేమని మమ్మడిగెను. అఱువది సంవత్సరముల పేర్లును వరుసగా వానికి చెప్పి పంపితిమి.